అండమాన్‌కు చేపపిల్లలు పంపొచ్చా? అక్కడి గోండ్రుకప్పల సంగతేంది?

హాలియా_కాల్వగట్టు:
మా అక్కోళ్లు ఉత్తర అండమాన్ల డిగ్లీపూర్ దిక్కు ఉంటరు. పోకతోట పక్కన చిన్న చేపల చెరువు తవ్విచ్చిన్రు. బొచ్చె, రవ్వు పిల్లల్ని ఇక్కడికెల్లి ప్యాకెట్లల్ల పంపుమంటున్నరు. ఇంకో సంగతి, మొదటి వానకే ఆ చెరువుల పచ్చటి కప్పలు ఒకటే అరుసుడంట. ఫొటో చూస్తే మన సాగర్ ఆయకట్టు పొలాలల్ల ఉండే గోండ్రుకప్పలే. వాటితోని నష్టమేమన్న ఉన్నదా? ఎట్ల తీసెయ్యాలె? అట్లనే అక్కడి పాములు మనయేనా, మన పాముకాటు సూది పనిచేస్తదా?

కప్పలలెక్క:
ఫొటోలో ముక్కు మొనదేలి, వీపు మీద పొడుగునా మడతలు, నడుమ లేత పసుపు గీత ఉంటే అది మీరనే గోండ్రుకప్పే, అంటే మన బోదురుకప్ప. వానల్లో మగది నిమ్మపండు రంగుకి తిరుగుతుంది, గొంతు తిత్తులు నీలంగా ఉబ్బుతాయి. అండమాన్ దాని సొంత చోటు కాదు. గత రెండు దశాబ్దాల్లోనే అక్కడ పాకింది, ఎక్కువగా చేపపిల్లల ప్యాకెట్లలో కలిసి వెళ్లిందనే అంచనా.

అసలు నష్టం పెద్ద కప్పతో కంటే దాని తోకపిల్లలతో, అంటే ఇంకా కప్పగా మారని, నీళ్లలో ఈదే పిల్లలతో. అవి మాంసం తింటాయి, తోటి తోకపిల్లల్నీ వదలవు. మైక్రోహైలా చక్రపాణి, కలూలా ఘోషి అనే అక్కడి స్థానిక కప్పల తోకపిల్లలతో కలిపి తొట్లలో పెట్టి చూస్తే స్థానిక పిల్లల్లో ఒక్కటీ బతకలేదు. మన దగ్గర కొంగలు, నీరుకట్టెలు, కొర్రమీనులు దీన్ని అదుపులో పెడతాయి, ఇక్కడి కప్పలకు దీనితో కలిసి బతకడం అలవాటే. ఆ ద్వీపపు కప్పలకు ఇంత పెద్ద తిండిబోతు కప్ప కొత్త. వింతేమిటంటే, కాళ్ల ఎగుమతి కోసం ఇదే కప్పను ఇక్కడ లక్షల్లో పట్టేవారు. 1987లో ఆ ఎగుమతిని నిషేధించారు.

ఒక జాగ్రత్త. కలూలా ఘోషి కూడా బొద్దుగా ఉంటుంది, కానీ గుండ్రటి ఒళ్లు, చిన్న నోరు, వీపున గీత ఉండదు. దాన్ని బోదురుకప్ప అనుకుని చంపొద్దు.

సీడ్‌ఫామ్_మిర్యాలగూడ:
అన్నా, పంపకు. అండమాన్లనే దొరికే పిల్లల్ని తీసుకొమ్మని చెప్పు. బయటి పిల్లలు తప్పదంటే గిట్ల చెయ్యాలె.

ప్యాకెట్ల మూడో వంతు నీళ్లు, మిగిలింది ఆక్సిజన్ ఉంటది. రాంగనే ఇప్పి చెరువుల పొయ్యద్దు. ప్యాకెట్‌ను చెరువు నీళ్ల మీద 15, 20 నిమిషాలు తేలెయ్యాలె, నీళ్ల వేడి సమానమైతది. తర్వాత గట్టు మీద పెట్టిన తెల్ల టబ్బులకు కొంచెం కొంచెం వంచాలె. చేత్తోని నీళ్లు గుండ్రంగ తిప్పితే ఆరోగ్యంగున్న చేపపిల్లలు ఎదురీదుతయి. తోకపిల్లలు అడుగునే ఉంటయి, గుండ్రటి తల, పలచటి తోక, పక్క రెక్కలు లేకుంట ఉంటయి. చిన్న జాలిగంపతోని ఏరాలె. ఏరినంక చేపపిల్లల్ని సన్నకన్ను హాపల (నీళ్లల్ల కట్టే వల తొట్టి) ఇడిచి రెండు మూడు దినాలు మళ్ల చూడాలె, ఎందుకంటే అప్పుడే పొదిగిన తోకపిల్ల టబ్బుల కంటికి ఆనదు.

ఎక్కువ మంది మరిసేది ప్యాకెట్ నీళ్లు. గుడ్లు, సన్నపిల్లలు అండ్లనే ఉంటయి. ఆ నీళ్లను చెరువులగాని మోరిలగాని కాదు, ఎండిన నేల మీద దూరంగ పొయ్యాలె.

ఇప్పటికే ఉన్న కప్పలకు వలలాగుడు సరిపోదు, తోకపిల్లలు బురదల దాగుతయి. చెరువు పూర్తిగ తోడి పగుళ్లిచ్చేదాక ఎండబెట్టాలె. తోడేటప్పుడు మోటార్ పైపు మూతికి సన్నకన్ను వల కట్టాలె, లేకుంటే పిల్లలన్ని వాగుల పడ్తయి. బ్లీచింగ్ పౌడర్ జల్లితే పెద్దయి గట్టెక్కి పక్క పొలంల కూసుంటయి, చచ్చేది మిగతా జీవాలు. మొదటి పెద్దవాన పడ్డ రాత్రులల్లనే టార్చిలైటుతోని మగయి అరిసే కాడికి పోయి పట్టాలె, గుడ్లు పెట్టకముందే. పట్టినయి ఏం చెయ్యాల్నో అక్కడి అటవీశాఖను అడగాలె.

దేవరకొండ_రైతు:
కొర్రమీను నాలుగు పంపితే సరిపాయె గదా, తోకపిల్లల్ని మొత్తం మింగుతది!

సీడ్‌ఫామ్_మిర్యాలగూడ:
బొచ్చెపిల్లల్ని గూడ మింగుతదన్నా. తడినేల మీద పాకి పక్క వాగులకు పోతది. ఒక బయటిదాన్ని తియ్యనీకి ఇంకో బయటిదాన్ని తోలుడైతది.

కప్పలలెక్క:
సరుకుల్లో దాక్కుని వెళ్లేవి కప్పలే కావు. గ్వామ్ దీవిలో రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఓడ సరుకుతో దిగిన గోధుమరంగు చెట్టుపాము అక్కడి అడవి పిట్టల్ని దాదాపు తుడిచిపెట్టింది. అక్కవాళ్లకు మొక్కలు, కుండీలు పంపినా మట్టి దులిపి, అడుగు చూసి పంపండి.

పాముల_పరిచయం:
పాముల సంగతి. మన రక్తపింజర, ఉరుసుపింజర అండమాన్‌లో లేవు. అక్కడున్నవి అండమాన్ నాగు, అండమాన్ కట్లపాము, అడవుల్లో రాచనాగు, తోటల్లో కొమ్మల మీదా నేల మీదా ఉండే అండమాన్ గుంటపింజర. పోకతోటలో పనిచేసేవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేది ఈ చివరిదే. చెయ్యి పెట్టే ముందు మట్టల్ని కర్రతో కదిలించాలి.

మన దేశంలో దొరికే సూదిమందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఉరుసుపింజర విషాలతో తయారవుతుంది. గుంటపింజర విషం అందులో లేదు, అందుకని కాటుకు వాపు, నొప్పి, రక్తస్రావం చూసుకుంటూ ఆసుపత్రిలో ఉంచుతారు. ఏ పామైనా చేసేది ఒకటే: ఉంగరాలు, గాజులు తీసెయ్యాలి, కరిచిన చెయ్యి లేదా కాలు కదలకుండా బద్ద కట్టాలి, నడిపించకుండా మోసుకెళ్లాలి. తాడు బిగించడం, కొయ్యడం, పసరు పట్టించడం వద్దు. పామును పట్టి తెమ్మని ఎవరినీ పంపొద్దు, దూరం నుంచి ఫొటో దొరికితే చాలు.

చెరువు మడచెట్ల వాగు పక్కనైతే ఉప్పునీటి మొసళ్లుంటాయి. పొద్దుగూకాక అక్కడ వలలు కడగొద్దని చెప్పండి.

హాలియా_కాల్వగట్టు:
చెరువు నుంచి మడచెట్ల వాగు దగ్గరనే అంటున్నరు సార్. మోటార్ పైపుకు వల సంగతి ఇయ్యాలనే ఫోన్ చేసి చెప్త. పిల్లల్ని అక్కడ్నే కొనుక్కోమంట.