‘ఇచ్చోటనే’ అన్నప్పుడు ఆ ‘నే’ ఎటు చేరుతుంది?

శ్రోత:
సభ్యులకు నమస్కారం. హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీనును ప్రదర్శన జరుగుతుండగానే పట్టిన పాత క్యాసెట్టు ఒకటి ఈమధ్య మళ్ళీ విన్నాను. జనం ఈలలు, హార్మోనియం తిత్తి చప్పుడు, మైకుకు దూరమై మళ్ళీ దగ్గరయ్యే గొంతు, అన్నీ అందులో ఉన్నాయి. కవి కలం, రాజు ముద్రికలు, ఇల్లాలి నల్లపూసలు, చిత్రకారుడి కుంచె అన్నీ ఈ శ్మశానంలోనే కలిసిపోయాయని చెప్పే జాషువా గారి సీసపద్యం ఎత్తుకున్నప్పుడు గాయకుడు ‘ఇచ్చోటనే’ అని ‘నే’ మీద నిలిచి, తారస్థాయిలో రాగం తీసి, ఊపిరి పీల్చుకున్నాక ‘సత్కవీంద్రుని’ అన్నాడు. వన్స్‌మోర్ అడిగితే, రెండోసారి ‘ఇచ్చోట’ దగ్గరే ఆగి, ‘నే సత్కవీంద్రుని’ అని కలిపి అందుకున్నాడు. వీటిలో కవి హృదయం ఏది? మూడో పాదంలో ఈలల మధ్య ఒక మాట కూడా వినిపించలేదు. అది నల్లపూసల ‘సౌరా’ (అందమా), ‘సరులా’ (దండలా)?

ఛందోరుచి:
రెండోదానికి జవాబు తేలిక. ‘పూసల’లోని ‘సల’తో కలిపి ‘సలసౌరు’ అంటే రెండు లఘువులు, గురువు, లఘువు వచ్చి సలగణం కుదురుతుంది. ‘సలసరులు’ అంటే అయిదు లఘువులై, సీసంలో అక్కడ రావలసిన ఏ ఇంద్రగణంలోనూ ఇమడదు. పైగా ‘సల’కు ‘గలసి’తో ప్రాసయతి (రెండో అక్షరాలు కలిసే యతి) చక్కగా పడింది. కాబట్టి సౌరే.

మొదటిది ఛందస్సుతో తేలదు, ఎలా విడదీసినా ‘నే’ గురువే. నా మటుకు అది ‘ఇచ్చోటన్ + ఏ’, అంటే ‘ఈ చోట ఏ’ అని. నాలుగో పాదం చూడండి, అక్కడ ‘ఇచ్చోట నెట్టి’ అన్నారు. అది ‘ఇచ్చోటన్ + ఎట్టి’ అనడంలో ఎవరికీ సందేహం ఉండదు. నాలుగో పాదంలో ‘ఎట్టి చిత్రలేఖకుని’ అన్న కవి, పై మూడింటిలో ‘ఏ కవి, ఏ రాజు, ఏ ఇల్లాలు’ అనే అన్నాడు. ఇంకో విశేషం, ‘ఇచ్చోట’లోని ఇకారానికి యతి ‘కవీంద్ర’లో సంధితో దాగిన ‘ఇంద్ర’ ఇకారం. ‘సత్కవి’ దగ్గర విరిచి పాడే నటులు ఈ అందాన్ని పోగొడుతున్నారు.

హార్మోనియం:
నటుల మీద అంత సులువుగా తీర్పు చెప్పకూడదండీ. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్యహరిశ్చంద్రీయంలో ఈ పద్యాలు లేవు. జాషువా గారి శ్మశానవాటి ఖండిక నుంచి నటులే తెచ్చి కాటిసీనులో నిలిపారు, డి.వి. సుబ్బారావు గారి వంటి హరిశ్చంద్రులు వాటిని ఊరూరా వినిపించారు. పుస్తకంలో ఆ శ్మశానానికి ఊరూ పేరూ లేవు కనుక ‘ఏ కవి’ అన్నది సహజమే. రంగం మీద అది కాశీ. కాటికాపరిగా నిలబడ్డ చక్రవర్తి తన కాళ్ళ కింది నేలను చూపి పలుకుతున్నాడు. అతని నోట అది ‘ఇక్కడనే, ఈ చోటనే’ అవుతుంది. రాగం ‘నే’ మీద నిలిచేది అందుకే. దీర్ఘాచ్చు మీద గమకం సాగినంత సుఖంగా ‘ట’ మీద సాగదు అన్నది కూడా నిజమే, కానీ అది ఒక్కటే కారణమని నేను ఒప్పుకోను.

తెనాలి వాసి:
‘నే’ అంటే ‘నేను’ ఎందుకు కాకూడదు? హరిశ్చంద్రుడు తననే చెప్పుకుంటున్నాడు కదా.

ఛందోరుచి:
క్రియ ఏదండీ? ‘నేను’కు అన్వయించే క్రియ ఆ పాదంలోనే కాదు, పద్యంలోనే లేదు. కరిగిపోయింది కలం, అంతరించినవి ముద్రికలు.

గబ్బిలం చదువరి:
‘ఏ’ అన్నది ప్రశ్నార్థకమైతే ‘కరిగిపోయెనో’ అని ఓకారం రావాలి. ‘ఏ కవి కలం కరిగిపోయెనో’ అంటాం గాని, ‘ఏ కవి కలం కరిగిపోయె’ అని ఊరుకోం. కవి నాలుగు పాదాల్లోనూ పోయె, అంతరించె, కలసిపోయె, నశించె అని నిశ్చయంగా ముగించాడు. అందుకే అవధారణార్థం వైపు, అంటే ‘ఇక్కడే’ అని నొక్కి చెప్పే అర్థం వైపు నా మనసు మొగ్గుతుంది.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఈ ఖండికలో మనం ఎంతసేపూ సీసం దగ్గరే ఆగిపోతాం. ‘ఇట నస్పృశ్యత సంచరించుటకు తావే లేదు’ అన్న మత్తేభం చదివి చూడండి. బెబ్బులినీ మేకనూ ఒక పక్కన చేర్చి జోకొట్టే నేల అది. 1895లో వినుకొండలో పుట్టి, అంటరానితనాన్ని ఒంటిమీద మోసి, 1964లో క్రీస్తు చరిత్రకు సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న కవికి, సమత్వం కనబడిన చోటు శ్మశానం. ఆ పద్యంలోని ‘ఇట’ను పట్టుకొని చూస్తే, సీసంలోని ‘ఇచ్చోట’ కూడా వేలెత్తి చూపే మాటే. ఈ నేల మీదనే, ఊళ్ళో కాదు, అన్న బరువు ‘నే’లో ఉంది.

హార్మోనియం:
చాలా బాగా చెప్పారు. ఆ మత్తేభం పాడితే పందిరి ఎలా నిశ్శబ్దమయ్యేదో విన్నవాళ్ళకే తెలుసు. ‘గర్భమున విన్యస్తంబు గావించి’ దగ్గర గొంతు దించి పాడేవాళ్ళు తక్కువ, దించినవాళ్ళే గొప్పవాళ్ళు.

ఛందోరుచి:
మత్తేభం మీద నాకూ అంతే ప్రేమ. అయితే ఓకారం వాదన నిలవదు. ‘ఎంతటి మొనగాడు మట్టిలో కలిసిపోయాడు!’ అని రోజూ అంటాం, అందులో ఓకారం లేదు. అది ప్రశ్న కాదు, ఆశ్చర్యం. నాలుగో పాదంలోని ‘ఎట్టి’ కూడా అటువంటిదే, ‘ఎంతటి పేరు గడించిన చిత్రలేఖకుడు’ అని. ‘ఏ’ను కూడా అలాగే తీసుకుంటే క్రియ నిశ్చయంగా ముగియడంలో దోషం లేదు. అవధారణమే అయితే, నాలుగో పాదంలో కవి దాన్ని ఎందుకు వదిలేసినట్టు?

గబ్బిలం చదువరి:
‘ఎట్టి’లో ఆశ్చర్యం ఉంది, నిజమే. ఒంటరి ‘ఏ’లో అది ఉందా? ‘ఏ కవి పోయాడు!’ అని మనం ఆశ్చర్యంగా అనం. ఇక నాలుగో పాదం అంటారా, మూడుసార్లు ఒక తీరున సాగిన మాట నాలుగోసారి మలుపు తిరగడం సీసానికి కొత్త కాదు.

శ్రోత:
మూడో పాదం సంగతి తేల్చినందుకు కృతజ్ఞతలు. ఇప్పుడు క్యాసెట్టు మళ్ళీ వింటే, వన్స్‌మోర్‌లో అతను రెండో పాదాన్ని కూడా ‘నే భూములేలు’ అని కలిపే ఎత్తుకున్నాడు, మూడో పాదంలో మాత్రం మళ్ళీ ‘ఇచ్చోటనే’ అని ఆగి ‘లేత యిల్లాలి’ అన్నాడు. అక్కడ ఎందుకు మార్చాడో హార్మోనియం గారు చెప్పగలరా?

హార్మోనియం:
అది చంద్రమతిని తలచుకుని మార్చినది, నాకు సందేహం లేదు. కాటిలో హరిశ్చంద్రుడు మంగళసూత్రం చూసి భార్యను గుర్తుపట్టే ఘట్టం ఇంకా ముందుంది. నల్లపూసల మాట రాగానే మంచి నటుడికి ‘ఏ ఇల్లాలు’ అని దూరంగా అనాలనిపించదు.

ఛందోరుచి:
అది నటుడి అర్థం. నేను అడుగుతున్నది కవి అర్థం.