డిగ్రీ విద్యార్థి పేరు పేపర్ మీద ఉండాలా, కృతజ్ఞతల్లో వేస్తే చాలా?

పైపెట్ పిల్ల: చాన్నాళ్లుగా ప్రొఫెసర్ గారి ల్యాబ్‌లో పీసీఆర్‌లు (చిన్న డీఎన్‌ఏ ముక్కకి లక్షల కాపీలు తీసే ప్రయోగం) పెడుతున్నాను. రాబోయే పేపర్‌లో ఒక ఫిగర్ మొత్తం నా డేటాయే. పేరు సంగతి అడిగితే "కృతజ్ఞతల్లో వేద్దాంలే" అన్నారు. ఇది మామూలేనా?

పాత లెక్చరర్: మామూలేనమ్మా. ఇచ్చిన ప్రోటోకాల్ చూసి చేయడం శిక్షణ కిందికి వస్తుంది. 2015లో ఈగల జన్యువుల మీద జీ3 పత్రికలో ఒక పేపర్ వచ్చింది. 1,014 మంది రచయితలు, అందులో 900 పైచిలుకు డిగ్రీ పిల్లలే! అంతమందిలో ఒక్కో పేరుకి విలువెంత?

ఈగల మేస్త్రి: మాస్టారూ, ఎక్కడ చూసినా పాపం ఆ పేపర్‌నే బోనెక్కిస్తారు. ఆ పిల్లలు డ్రోసోఫిలా అనే పండ్ల ఈగ డీఎన్‌ఏ సీక్వెన్సుని సరిచూశారు, జన్యువులు గుర్తించారు, రాతప్రతి చదివి ఆమోదించారు. పెద్ద ప్రాజెక్టు కాబట్టి జాబితా పొడుగైంది, అంతే. అసలు డిగ్రీ పిల్లల్ని తక్కువ చేయకండి. 1911లో జన్యుశాస్త్రవేత్త స్టర్టెవెంట్ అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో డిగ్రీ విద్యార్థే. తన ప్రొఫెసర్ మోర్గాన్‌తో మాట్లాడి ఇంటికెళ్లి, హోంవర్క్ పక్కన పడేసి, తెల్లారేసరికి క్రోమోజోమ్ మీద ఏ జన్యువు ఎక్కడుందో చూపే మొట్టమొదటి జన్యు పటం గీశాడు. 1913 నాటి ఆ పేపర్ మీద అతనొక్కడి పేరే ఉంది.

పాత లెక్చరర్: స్టర్టెవెంట్‌ది సొంత ఆలోచన. పీసీఆర్ పెట్టినవాళ్ల సంగతి వేరు. పైగా పేరుతోపాటు బాధ్యతా వస్తుంది. రేపు డేటాని ఎవరైనా నిలదీస్తే?

వేడినీటి బుగ్గ: పీసీఆర్ మాటెత్తారు కాబట్టి ఒకటి చెప్పాలి. అందులో వాడే టాక్ ఎంజైమ్ థర్మస్ అక్వాటికస్ అనే బాక్టీరియాది. 1966లో అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కు వేడినీటి బుగ్గల నమూనాల నుంచి దాన్ని వేరుచేసి పెంచింది హడ్సన్ ఫ్రీజ్, అప్పటికి ఇండియానా యూనివర్సిటీలో డిగ్రీ విద్యార్థి. వేడినీటి బుగ్గల పరిశోధన ప్రొఫెసర్ బ్రాక్‌ది. అయినా 1969 పేపర్‌లో ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

నియమాల మాటకొస్తే, వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నాలుగు షరతులు పెట్టింది: పనిలో చెప్పుకోదగ్గ పాలు, రాతలోనో దిద్దుబాటులోనో పాలు, తుది ఆమోదం, జవాబుదారీ. చాలామంది ఇక్కడితో చదవడం ఆపేస్తారు. మొదటి షరతుకి సరిపోయినవాళ్లకి రాతప్రతి ఇవ్వకుండా ఉంచి, "నువ్వు రాయలేదుగా" అని పేరు కొట్టేయకూడదని కూడా అందులోనే ఉంది. నా గొడవంతా దీని గురించే. డ్రాఫ్ట్ చూపించరు, చూడలేదు కాబట్టి పేరు లేదంటారు.

పైపెట్ పిల్ల: నాకూ డ్రాఫ్ట్ చూపించలేదు. అడగొచ్చని కూడా తెలీదు.

పాత లెక్చరర్: సరే, అడుగమ్మా. చదివి, నీ ఫిగర్‌లో ఏ కంట్రోల్ (ఫలితాన్ని పోల్చి చూసే నమూనా) ఎందుకు పెట్టారో చెప్పగలిగితే పేరు వేయమని నేనూ అంటాను. ఎన్నో పేరుగా అన్నది వేరే యుద్ధం, దయచేసి ఇక్కడ మొదలెట్టకండి.