కార్పెట్ వాష్‌కి ఇస్తే రంగు పాకి, గట్టిపడి వచ్చింది. పనిలో లోపమేనా?

ప్రశ్న: చేత్తో ముడులు వేసి నేసిన ఉన్ని కార్పెట్ అండి. ఉతికించాక ఎరుపు తెల్ల అంచులోకి పాకింది. పోగులు గరుకుగా ఉన్నాయి, వెనకవైపు ముక్కిపోయిన వాసన. ఇది మామూలేనా?

జవాబు 1: కాదండి. ఉతికే ముందు తడి తెల్లగుడ్డని ప్రతి రంగు మీదా కాసేపు నొక్కి చూడాలి. గుడ్డకి రంగు అంటితే కార్పెట్‌ని నీళ్లలో ముంచకూడదు. నిమిషాల్లో అయ్యే ఈ పరీక్షని ఎగ్గొట్టడం క్షమించరానిది. గరుకుదనం క్షారం ఎక్కువున్న సబ్బు వల్లో, సరిగ్గా జాడించకపోవడం వల్లో వస్తుంది.

జవాబు 2: కార్పెట్ తిరగేసి వెనక నుంచి తట్టండి. ఇసుక రాలితే, పొడి దుమ్ము తీయకుండానే తడిపేశారన్నమాట. ఆ ఇసుక నడిచినప్పుడల్లా పోగుల మొదళ్లని కోస్తుంది. వాసనకి కారణం వేరు: పైన ఉన్ని ఆరినా లోపలి నూలు పడుగు (ముడులు వేసే నిలువు దారాలు) తడిగా ఉండిపోయింది. ఫ్యాన్ గాలి రెండువైపులా తగిలేలా ఎత్తి పెట్టి, వీలైతే 24 గంటల్లోపే ఆరబెట్టాలి.

జవాబు 3: ఇంట్లో బ్లీచ్ మాత్రం వాడకండి, క్లోరిన్ బ్లీచ్ ఉన్నిని తినేస్తుంది. పగటి వెలుతురులో ఫొటోలు తీసి, రసీదుతో సహా వెనక్కి పంపండి. మిగిలిన సబ్బు పలచని వెనిగర్ నీళ్లతో జాడిస్తే చాలావరకు పోతుంది. పాకిన రంగు పూర్తిగా తీసేస్తామని హామీ ఇచ్చేవాళ్లని నమ్మకండి.