వీడియో గేమ్ డబ్బాలతో వచ్చిన మాన్యువల్ పుస్తకాలను ఉప్పుగాలి నుంచి కాపాడుకోవడం ఎలా?

ప్రశ్న – లాసన్స్ బే వాసి

మా ఇల్లు విశాఖలో సముద్రానికి బాగా దగ్గర. 1990ల నాటి గేమ్ డబ్బాలలో వచ్చిన మాన్యువల్ పుస్తకాలను బీరువాలో దాచుకున్నాను. ఉప్పుగాలికి వాటి పిన్నులు తుప్పు పట్టి ఆ మరక కాగితంలోకి దిగుతోంది, వానాకాలంలో అట్టలకు బూజు పడుతోంది. స్కాన్ చేసి పీడీఎఫ్‌గా ఉంచుకుంటే చాలదా అని ఇంట్లో అడుగుతున్నారు. నాకు మాత్రం వాటిని వదులుకోవాలని లేదు. పెద్దలు సలహా ఇవ్వగలరు.

జవాబు – పాత క్యాసెట్

మీ మమకారం సబబైనదే. ఆ పుస్తకాలు ఆటలో భాగాలు. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడింది. అంత ఇరుకులో కథకు చోటు లేదు కనుక, పుట్టగొడుగుల రాజ్యపు ప్రజలను రాళ్లుగా, ఇటుకలుగా మార్చేశారన్న సంగతి మాన్యువల్ చదివినవారికే తెలిసేది. 1989 నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియా అయితే నకళ్లను అడ్డుకోవడానికి, మాన్యువల్‌లో ఫలానా పేజీ, ఫలానా వరుసలోని ఫలానా పదం మొదటి అక్షరం రాసి ఉన్న మందు సీసానే ఆటలో తాగమని అడిగేది. ఇక 1990లో వచ్చిన స్టార్‌ట్రోపిక్స్ డబ్బాలోని ఉత్తరాన్ని నీళ్లలో తడిపితేనే, ఆటలో ముందుకు సాగడానికి కావలసిన 747 అనే అంకె బయటపడేది. తెరమీది బొమ్మ ఆ ఉత్తరానికి సాటి రాదు.

జవాబు – డాబాగార్డెన్స్ చదువరి

పై మాటలతో ఏకీభవిస్తూనే స్కాన్ పక్షాన ఒక మాట చెబుతాను. ఆ రోజుల్లో మాలాంటివాళ్లం ఆడింది నకలు కన్సోళ్ల (టీవీకి తగిలించి ఆడే పెట్టెల) మీద. ఆ క్యాసెట్లతో ఏ పుస్తకమూ వచ్చేది కాదు; ఆ కథలన్నీ ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఎవరో శ్రద్ధగా పెట్టిన స్కాన్‌లలోనే నేను మొదటిసారి చదివాను. 2010లో గేమ్‌ల కంపెనీ యూబీసాఫ్ట్ కాగితపు మాన్యువల్‌లను మానేస్తున్నట్టు ప్రకటించింది. కొత్తవి రావడం అరుదైపోయింది కనుక, ఉన్నవి దాచడమూ, పదిమందికి చదవనివ్వడమూ రెండూ కావాలి.

జవాబు – పుస్తకాల బీరువా

లాసన్స్ బే వాసి గారూ, ముందు ఆ పిన్నులను జాగ్రత్తగా తీసేసి, అవే రంధ్రాల గుండా నూలు దారంతో కుట్టండి. పేజీలు విడిగా ఉన్న ఆ సమయంలోనే స్కాన్ చేస్తే మధ్య మడత దగ్గరి అక్షరాలు కూడా స్పష్టంగా వస్తాయి. బూజును ఆరిన తరువాత, ముక్కుకు మాస్క్ కట్టుకుని, ఆరుబయట మెత్తని బ్రష్‌తో దులపండి. ఎండలో మాత్రం ఆరబెట్టవద్దు, రంగులు వెలిసిపోతాయి. బీరువాను గోడకు ఆనించకుండా కాస్త ఎడంగా జరిపి, గాలి తేమ 50 శాతం దాటకుండా సిలికా జెల్ సంచులు పెట్టి, అవి తడి పీల్చుకున్నప్పుడల్లా మార్చండి. లామినేషన్ జోలికి అసలు వెళ్లవద్దు, ఒకసారి అంటుకున్న ప్లాస్టిక్‌ను కాగితం చిరగకుండా తీయడం దాదాపు అసాధ్యం.