కమ్యూనిటీ రేడియోలో వారమంతా జాజ్: మన తెలుగు గంట తీసేయడం సబబేనా?

కొబ్బరాకు | ఆదివారం, రాత్రి 9:12

అమెరికాలో మేముండే చిన్న ఊళ్లో ఒక కమ్యూనిటీ రేడియో ఉంది. వంద వాట్లది, మహా అయితే ఐదారు కిలోమీటర్లు వినిపిస్తుంది. ఆదివారం పొద్దున 9 నుంచి 10 దాకా అందులో తెలుగు కార్యక్రమం. 11 ఏళ్లుగా నేనే నడుపుతున్నాను. జీతం లేదు, పెట్రోలు ఖర్చూ నాదే.

మొన్న గురువారం సాయంత్రం ఈమెయిల్ వచ్చింది. ఏప్రిల్ 24 నుంచి 30 దాకా వారమంతా నల్లజాతి అమెరికన్ల జాజ్ సంగీతమే వేస్తారట. 25న జాజ్ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ పుట్టినరోజు, 29న జాజ్ బృందం నడిపిన డ్యూక్ ఎలింగ్టన్ పుట్టినరోజు, 30న అంతర్జాతీయ జాజ్ దినం. అందుకని మన గంట, స్పానిష్ వాళ్ల రెండు గంటలు, శనివారం పిల్లల కథలు అన్నీ ఆపేశారు. ముందుగా ఒక్క మాట అడగలేదు.

కమ్యూనిటీ రేడియో అంటే అక్కడుండే మనుషుల రేడియో. ఏడు రోజులు ఒకే సంగీతం మోగిస్తే మిగతావాళ్లు ఎక్కడికి పోవాలి? మీ అభిప్రాయం చెప్పండి.

ఆదివారం_ఉప్మా | 9:20

అన్యాయం. మనవాళ్లంతా కలిసి లెటర్ రాద్దాం.

మంద్రం | 10:05

కొబ్బరాకు గారూ, నేనూ ఆ స్టేషన్‌లో వాలంటీర్‌నే, మంగళ గురువారాలు సాయంత్రం పాటలు వేసే సౌండ్ బోర్డు ముందు కూర్చుంటాను. మీ బాధ అర్థమైంది కానీ మీ వాదన ఒప్పుకోలేను.

ఈ దేశంలో జాజ్‌ని బతికించిందే ఇలాంటి చిన్న స్టేషన్లు. డబ్బు కోసం నడిచే రేడియోలు దాన్ని ఎప్పుడో వదిలేశాయి. న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీ విద్యార్థుల రేడియో డబ్ల్యూకేసీఆర్ ఉంది. అందులో ఫిల్ షాప్ అనే ఆయన 1981 నుంచి 2021లో పోయేదాకా వారంలో ఐదు రోజులూ పొద్దున్నే ఒక్క చార్లీ పార్కర్ సంగీతం గురించే కార్యక్రమం చేశాడు. ఒక్క మనిషి వాయించిన సాక్సొఫోన్ మీద నలభై ఏళ్లు! ఆగస్టు 27న ఇంకో సాక్సొఫోన్ కళాకారుడు లెస్టర్ యంగ్ పుట్టినరోజు, 29న పార్కర్ పుట్టినరోజు, ఆ రోజుల్లో ఆ స్టేషన్ రాత్రీ పగలూ వాళ్లనే వేస్తుంది.

న్యూ ఆర్లీన్స్‌లో డబ్ల్యూడబ్ల్యూఓజీ అనే రేడియో 1980 నుంచి వాలంటీర్లతో నడుస్తోంది. 2005లో కత్రినా తుపానుకు ఊరు మునిగితే న్యూజెర్సీలోని ఇంకో రేడియో సాయంతో నెట్‌లో పాటలు వేస్తూనే ఉన్నారు. చెట్టుకొకరు పుట్టకొకరు అయిన ఊరివాళ్లు ఎక్కడెక్కడినుంచో అవి విన్నారు. 2020లో కోవిడ్ వల్ల అక్కడి జాజ్ ఫెస్టివల్ రద్దయితే, అది జరగాల్సిన 8 రోజులూ పాత ఫెస్టివళ్ల రికార్డింగులే వేశారు. మనం అడిగింది ఏడాదిలో ఒక్క వారం.

కొబ్బరాకు | 10:31

న్యూ ఆర్లీన్స్ జాజ్ పుట్టిన ఊరు. అక్కడ జాజ్ వేయడమంటే నరసాపురంలో గోదావరి గురించి పాడినట్టు. ఇక్కడ ఎవరింట్లో పుట్టింది? మీరు చెప్పిన ఆ స్టేషన్ కూడా జాజ్ ఒక్కటే వేయదు. బ్లూస్, గాస్పెల్, అక్కడి పల్లెటూళ్ల పాటలు అన్నీ ఉంటాయి.

తీగలాగితే | 10:44

ఒక సంగతి ఎవరూ పట్టించుకోవట్లేదు. 29న రోజంతా ఎలింగ్టన్‌నే వేస్తే నెట్ స్ట్రీమ్ మాటేమిటి? చట్టం ఇచ్చే మామూలు లైసెన్సు మీద నెట్‌లో వినిపించే స్టేషన్ 3 గంటల్లో ఒకే కళాకారుడివి 4 ట్రాక్‌లు దాటకూడదు, వరసగా 3 దాటకూడదు. ఒకే ఆల్బమ్ నుంచైతే 3, వరసగా 2. ఎఫ్ఎమ్‌కి ఈ గొడవ లేదు, నెట్‌కి ఉంది. రైట్స్ ఉన్నవాళ్ల దగ్గర విడిగా అనుమతి తీసుకున్నారా?

మంద్రం | 10:52

మా స్ట్రీమ్‌లో ఎలింగ్టన్ మధ్య మధ్య ఆయన బృందంలోంచి బయటికొచ్చి సొంతంగా రికార్డు చేసినవాళ్లని వేస్తాం. అది చూసుకున్నాం. ఇక్కడ విషయం అది కాదు.

తీగలాగితే | 10:58

విషయం అదే. తెలుగు గంటలో ఘంటసాల స్పెషల్ వేసినప్పుడు ఎన్ని పాటలు వేశారు?

కొబ్బరాకు | సోమవారం, ఉదయం 6:40

రూల్స్ పక్కన పెట్టండి. నిన్న పొద్దున మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను.

మా అమ్మకు 84. కంటిచూపు బాగా మందగించింది. ఫోన్‌లో యాప్ తెరవడం ఆవిడ వల్ల కాదు. అందుకని పాత టేబుల్ రేడియో ఒకటి పెట్టాను. స్టేషన్ దొరికేచోట ట్యూనింగ్ గుండీ మీద ఆవిడ బొట్టుబిళ్ల ఒకటి అంటించాను. వేలితో తడిమి, బిళ్ల పైకి వచ్చేదాకా తిప్పితే మన స్టేషన్. 11 ఏళ్లుగా ఆదివారం 9 కాగానే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఆ గుండీ తిప్పుతుంది. మన గంట ఉండదని శనివారం చెప్పాను, మర్చిపోయింది. నిన్న ఆన్ చేస్తే ట్రంపెట్ వినబడింది. స్టేషన్ తప్పిందేమోనని అటూ ఇటూ తిప్పింది. తిప్పగా తిప్పగా బిళ్ల ఊడి కిందపడింది. నేను మేడ మీంచి దిగి వచ్చేసరికి నేల మీద చేత్తో తడుముతూ ఉంది.

ఇప్పుడు చెప్పండి, ఒక్క వారమే కదా అని.

గుంటూరు_గోంగూర | 7:15

చదువుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి అన్నా.

పచ్చజొన్న | 8:30

అమ్మ సంగతి చదివి మనసు కలుక్కుమంది. అయినా ఒక మాట అడుగుతాను, ఏమనుకోవద్దు.

మాది జహీరాబాద్ దగ్గర. మాచునూరులో సంఘం రేడియో 2008 అక్టోబరు 15న మొదలైంది. నడిపేది చేనుపని చేసుకునే దళిత ఆడవాళ్లు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ పేర్లు మీరూ వినే ఉంటారు. విత్తనాల ముచ్చట్లు, పండగ పాటలు, నాట్లప్పుడు పాడుకునేవి, అన్నీ మా మాటలోనే. ఇండియాలో కమ్యూనిటీ రేడియోకి రూలే ఉంది, కనీసం సగం కార్యక్రమాలు అక్కడి మనుషులు పాలుపంచుకుని చేసినవై ఉండాలి. సినిమా పాట ఎక్కడైనా దొరుకుతుంది. మా అమ్మమ్మ పాడే పాట ఇంకెక్కడా దొరకదు.

మీ గంటలో మీ ఊరి తెలుగువాళ్ల గొంతులు ఎన్ని వినిపిస్తాయి?

కొబ్బరాకు | 8:48

నా గొంతు వినిపిస్తుంది. పాట పాటకీ ముందు కవి ఎవరో, సంగీతం ఎవరో చెప్తాను. అది చాలదా?

మంద్రం | 9:03

చాలదు. నాలుగు రోజులుగా ఈ మాట బిగబట్టుకున్నాను, ఇవాళ అనేస్తాను.

మూడేళ్ల కిందట మీ గంటలో 15 నిమిషాలు అడిగాను, గుర్తుందా? పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ గారు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి వాయించినవి వేస్తానన్నాను. మెక్‌లాఫ్లిన్ అంటే 1969లో జాజ్ ట్రంపెట్ దిగ్గజం మైల్స్ డేవిస్ రికార్డుల్లో గిటార్ వాయించిన మనిషి. అలాంటి వాడి పక్కన మన గోదావరి జిల్లా పిల్లాడు కూర్చుని, ఆయన అన్న ప్రతి మాటకీ తంతి మీద బదులిస్తుంటే వినాలి! మీరేమన్నారు? "ఇది మన సంగీతం కాదు, శ్రోతలు మార్చేస్తారు" అన్నారు. మీది నరసాపురం. పాలకొల్లు మీ పక్క ఊరు.

ఆలిస్ కోల్ట్రేన్ గురించి చెప్పబోతే ఆపేశారు. జాజ్ సాక్సొఫోన్ దిగ్గజం జాన్ కోల్ట్రేన్ భార్య, స్వయంగా గొప్ప జాజ్ కళాకారిణి. పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తురాలు. కాలిఫోర్నియాలో ఆశ్రమం పెట్టి ఆర్గన్ మీద భజనలు పాడించింది. అదీ మనది కాదన్నారు. మనది అంటే ఏమిటో 11 ఏళ్లుగా మీరొక్కరే నిర్ణయిస్తున్నారు.

కొబ్బరాకు | 9:20

అంటే మూడేళ్ల నాటి కోపం ఇప్పుడు తీర్చుకున్నారన్నమాట. స్టేషన్ మీటింగ్‌లో మన గంట తీసేయాలని ఎవరన్నారు? మీరున్నారా అక్కడ?

మంద్రం | 9:41

ఉన్నాను. ఆదివారం ఉదయం కూడా కలపాలా అని అడిగితే చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. మీకు ఫోన్ చేసి చెప్పాల్సింది. చేస్తే మీరు వద్దంటారని తెలుసు, అందుకే చెయ్యలేదు. అది తప్పే. అమ్మగారి సంగతి నాకు తెలియదు.

కానీ కోపం తీర్చుకోవడానికి ఎత్తలేదు. పదహారేళ్ల వయసులో విజయవాడలో ఒక సెకండ్ హ్యాండ్ క్యాసెట్ కొన్నాను. ఎవరిదో తెలియదు, పేరు చెరిగిపోయింది. పియానో, డ్రమ్స్, బేస్, అంతే. ఇంట్లో వినిపిస్తే పిచ్చి గోల ఆపమన్నారు. దాని గురించి మాట్లాడటానికి మనిషి దొరకలేదు. ఇక్కడికొచ్చి ఆ స్టేషన్ తలుపు తోసుకుని వెళ్లిన రోజే దొరికారు. నాకు అదే ఊరు, అదే కమ్యూనిటీ. తెలుగువాణ్ణి కాబట్టి నేను మీ గంటకే చెందుతానని మీరనుకుంటే ఎలా?

ఆదివారం_ఉప్మా | 9:50

ఇద్దరూ ఒకసారి కూర్చుని మాట్లాడుకోండి.

పచ్చజొన్న | 10:10

మంద్రం గారూ, మీకు చోటు దొరికింది, మంచిదే. స్పానిష్ వాళ్లనీ, పిల్లల కథలనీ ఎవరు అడిగారు? వాళ్ల ఇళ్లలోనూ గుండీ తిప్పే అమ్మలు ఉంటారు కదా. పుట్టినరోజున 24 గంటలు వేసుకోండి, మనిషికి మర్యాద. ఏడు రోజులు మాత్రం అందరినీ అడిగి చేయాల్సిన పని.

మంద్రం | 10:26

అడగలేదు. అడగాల్సింది. వచ్చే మీటింగ్‌లో ఆ మాట నేనే లేవనెత్తుతాను. వారం ఉండాలనే అంటాను, కానీ ఎవరి గంటకైనా చెయ్యి పెట్టేముందు వాళ్లు ఎదురుగా ఉండాలి.

కొబ్బరాకు | రాత్రి 8:55

పొద్దున్నుంచి ఆలోచించాను. వారమంతా జాజ్ వేయడం తప్పనే ఇప్పటికీ అంటాను, అందులో మార్పు లేదు. చెయ్యెత్తి ఫోన్ చేయకపోవడం ఇంకా పెద్ద తప్పు.

శ్రీనివాస్ గారి విషయంలో నేను ఆ మాట అన్నది మాత్రం నిజమే. పాలకొల్లులో ఆయన చిన్నప్పటి కచేరీల గురించి మా నాన్న చెప్తుండేవారు. ఆ పేరు విని కూడా కాదన్నాను. మీరు తెచ్చారని కాదన్నాను, వినకుండానే.

మే 3 ఆదివారం కుదరదు, అమ్మకి మాటిచ్చిన పాటలున్నాయి. 10న 9:40 నుంచి మీకిస్తాను. ట్రాక్‌ల నిడివి శుక్రవారంలోపు పంపండి. రేడియో దగ్గర కొత్త బిళ్ల అంటించాను, ఈసారి జిగురు పెట్టి.

తీగలాగితే | 9:14

15 నిమిషాలైనా స్ట్రీమ్‌లో ఒకే ఆల్బమ్ నుంచి వరసగా రెండే. మూడోది వేరే ఆల్బమ్‌లోది పెట్టుకోండి.

మంద్రం | 9:30

నిడివి రేపే పంపిస్తాను. మొదటిది 9 నిమిషాలుంది, ఫర్వాలేదా?