స్వీడన్‌లో పుట్టిన మా పాపకు సిగ్రిడ్ అని పెట్టాలా, సిరి అని పెట్టాలా?

ప్రశ్న: గోథెన్‌బర్గ్ కోడలు

అందరికీ నమస్కారం. మాది గుంటూరు జిల్లా. పెళ్లయినప్పటి నుంచి గోథెన్‌బర్గ్‌లో ఉంటున్నాను; మావారు స్వీడన్ దేశస్థులు. కిందటి నెలలో మాకు ఆడపిల్ల పుట్టింది. శతభిషా నక్షత్రం మూడో పాదం కాబట్టి "సీ" అక్షరంతో మొదలయ్యే పేరు పెడితే బాగుంటుందని మా నాన్నగారు చెప్పారు. వెతుక్కోనక్కరలేకుండా మావారి వైపునే ఆ అక్షరంతో ఒక పేరు దొరికింది. ఆయన తాతమ్మ పేరు సిగ్రిడ్, అయితే ఊళ్లో అందరూ ఆమెను చివరిదాకా సిరి అనే పిలిచేవారట. ఇక్కడ సిరి అన్నది సిగ్రిడ్‌కు కుదించిన రూపం. దాన్నే విడి పేరుగా పెట్టుకునేవారూ ఉన్నారు.

సిరి అంటే మా అమ్మ నోట హాయిగా పలుకుతుంది, పైగా లక్ష్మీదేవి పేరు. కానీ ఆ మాట వినగానే ఎవరికైనా ముందు ఐఫోన్‌లో పిలిస్తే పలికే సహాయకి గుర్తుకొస్తుందేమోనని నా భయం. సిగ్రిడ్‌లో ఒక నిండుదనం ఉంది కానీ, అమ్మ వీడియో కాల్‌లో దాన్ని పలకబోయి సగంలో ఆగి "ఇంతేనా అమ్మా?" అని అడుగుతోంది. బారసాల నాడు పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో "సి" ఒక్కటే రాసి ఆపేశాము. పుట్టిన మూడు నెలల్లోపు పేరు నమోదు చేయించాలి కాబట్టి ఇక ఆలస్యం చేయలేను. మీరైతే ఏది పెడతారు, ఎందుకు?

సమాధానం: స్టావంగర్ అక్క

చెల్లెమ్మా, నేను నార్వేలో ఒక శిశువిహారంలో పనిచేస్తున్నాను. నేనైతే సిగ్రిడ్ అనే పెడతాను. మా దగ్గర సిరి అనే అయిదేళ్ల పాప ఉండేది. ఒక సాయంత్రం వాళ్ల నాన్న గుమ్మంలో నిలబడి "సిరీ, బూట్లు వేసుకో" అనగానే ఆయన జేబులోని ఫోన్ మేలుకొని ఏదో జవాబు చెప్పింది. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు, ఆ పాప మాత్రం ముఖం చిన్నబుచ్చుకుంది. పెద్దలకు అది చిన్న విషయమే కావచ్చు, రోజూ వినే పిల్లకు కాదు.

సిగ్రిడ్‌కు ఆ బెడద లేదు. విజయం అనే అర్థమున్న మాటకు, అందమైనది, ప్రియమైనది అనే అర్థమున్న మాట కలిసి ఆ పేరు ఏర్పడింది. ఇంగ్రిడ్, ఆస్ట్రిడ్ పేర్ల చివర ఉన్నది కూడా ఈ రెండో మాటే. 1928లో సాహిత్యానికి నోబెల్ బహుమతి అందుకున్న సిగ్రిడ్ ఉండ్సెట్ పేరు ఇక్కడ బడి పిల్లలకు కూడా తెలుసు. నార్వేలోని ఓలెసుండ్ పట్టణం నుంచి వచ్చి సిగ్రిడ్ అన్న ఒక్క పేరుతోనే పాడుతున్న గాయని నేటి తరానికి తెలుసు. అంటే ఇది బామ్మల కాలంలోనే ఆగిపోయిన పేరు కాదు. ఇంకొక మాట, నార్వేలో చివరి డకారాన్ని పలకరు, "సిగ్రి" అనే అంటారు. మీ అమ్మగారు అక్కడికే ఆగినా తప్పేమీ లేదని చెప్పండి.

సమాధానం: లింషోపింగ్ వాసి

కాగితాల సంగతి చెబుతాను. స్వీడన్‌లో పిల్లలకు రెండు మూడు పేర్లు నమోదు చేయించడం మామూలే. వాటిలో పిలుపు పేరు ఏదో మీరే స్కాట్టెవెర్కెట్‌కు (పేర్లు నమోదు చేసే ఇక్కడి పన్నుల శాఖకు) తెలియజేయవచ్చు, అది మొదటిదే కానక్కరలేదు. కాకపోతే నమోదైన పేర్లలోనే ఒకటై ఉండాలి. తరువాత మీరు పాపకు ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే కార్డు) తీసుకుంటే, అందులోనూ స్వీడిష్ పాస్‌పోర్టులో ఉన్న పేరే వస్తుంది కాబట్టి, అక్షరక్రమం ఇప్పుడే ఖాయం చేసుకోండి.

సిగ్రిడ్, సిరి రెండింటినీ పక్కపక్కన మాత్రం పెట్టకండి. ఇక్కడి క్యాలెండర్‌లో చాలా పేర్లకు ఒక్కో రోజు ఉంటుంది కదా, ఈ రెండింటికీ సెప్టెంబర్ 15 ఒక్కటే రోజు. కలిపి రాస్తే ఇక్కడివారికి ఒకే పేరు రెండుసార్లు రాసినట్లు అనిపిస్తుంది. స్వీడన్ నాటకకర్త స్ట్రిండ్‌బెర్గ్ మొదటి భార్య, నటి సిరి ఫోన్ ఎస్సెన్ అసలు పేరు కూడా సిగ్రిడే. మీవారి తాతమ్మగారి ఇంట జరిగింది కూడా అదే. కాగితం మీద సిగ్రిడ్, నోటి మీద సిరి అన్నది ఈ దేశంలో ఎప్పటి నుంచో ఉన్న వాడుక.

సమాధానం: మాదాపూర్ నుంచి

పై ఇద్దరితో నేను ఏకీభవించలేకపోతున్నాను. ఫోన్‌కు ఆ పేరు పెట్టినవారిలో ఒకరైన డాగ్ కిట్లాస్ నార్వే మూలాలున్న వ్యక్తి. కూతురు పుడితే పెట్టుకోవాలనుకున్న పేరు అదని ఆయనే చెప్పారు. అంటే మనుషుల పేరే యంత్రానికి వెళ్లింది. ఆపిల్ దాన్ని 2011లో తెచ్చింది, మీ తాతమ్మగారి పేరు అంతకన్నా ఎన్నో తరాల ముందుది. ఫోన్ పలకకుండా సెట్టింగ్స్‌లో ఆపేయవచ్చు. మైక్రోసాఫ్ట్ వారి ఇలాంటి సహాయకి కోర్టానా ఒకప్పుడు ఎంత వినిపించేదో గుర్తుందా? 2023లో దాన్ని విండోస్ నుంచి తీసేశారు. మీ పాప కాలేజీకి వెళ్లేనాటికి ఫోన్లలో ఏ పేరు వినిపిస్తుందో ఎవరు చెప్పగలరు? ఉత్తరాది దేశాల పేర్లలో గుంటూరు పల్లెల్లో కూడా తమ పేరే అనుకునేది నాకు తెలిసి ఇదొక్కటే. దాన్ని ఒక పరికరానికి భయపడి వదులుకోవద్దు. స్వీడన్ వారు మొదటి అచ్చును సాగదీసి "సీరి" అంటారు, తేడా అంతే.

సమాధానం: రాజమహేంద్రవరం, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు

అమ్మాయీ, మీ అమ్మగారు ఎక్కడ ఆగుతున్నారో నాకు అర్థమైంది. "గ్రి" మనకు కష్టం కాదు. సుగ్రీవుడినీ, అగ్రహారాన్నీ పుట్టినప్పటి నుంచి పలుకుతూనే ఉన్నాము. చిక్కంతా చివరి పొల్లుతోనే. మన నోట అది "డు" అయిపోతుంది, "డు" చేరగానే రాముడు, సోముడు లాగా మగపిల్లవాడి పేరు వినిపిస్తుంది. ఆడపిల్లను అలా పిలవడానికి ఆమె మనసు ఒప్పుకోవడం లేదు. నార్వేలోలాగా "సిగ్రి" అనమంటే ఆ ఇబ్బంది తీరిపోతుంది.

అయినా అమ్మమ్మ నోటికి సిరి అనే రానివ్వండి. వెంకట సుబ్బలక్ష్మి అని రికార్డులో రాయించి, జీవితమంతా సుబ్బులు అని పిలుచుకున్న ఇళ్లు మనవి. మాదాపూర్ వారు చెప్పింది కూడా కొట్టిపారేయదగినది కాదు, ఆ పేరు మనకు నిజంగా దగ్గరిది. కానీ బడి హాజరుపట్టీలో ఏ పేరు ఉండాలన్నది ఆ బడికి రోజూ వెళ్లే పిల్ల వైపు నుంచి ఆలోచించాలి. ఈ విషయంలో నేను స్టావంగర్ అమ్మాయి మాటనే సమర్థిస్తాను.

ప్రశ్న వేసినవారి జవాబు: గోథెన్‌బర్గ్ కోడలు

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు చెప్పినట్లు "సిగ్రి" అనమన్నాను, అమ్మ వెంటనే పలికింది. మా అమ్మమ్మ పేరు కూడా కలిపి "సిగ్రిడ్ మహాలక్ష్మి" అని నమోదు చేయిస్తున్నాము, పిలుపు పేరుగా సిగ్రిడ్ రాస్తున్నాము. ఇంట్లో సిరి అంటాము. మావారి ఫోన్లోనూ, నా ఫోన్లోనూ ఆ పిలుపుకు పలకకుండా ఆపేశాము. ఒక్కటే సందేహం మిగిలింది. పాప పెద్దయ్యాక సిరి అన్న పేరే కాగితాల మీద కావాలనుకుంటే?

సమాధానం: లింషోపింగ్ వాసి

అప్పుడు స్కాట్టెవెర్కెట్‌కు దరఖాస్తు చేసి చేర్చుకోవచ్చు. ఇప్పటి తొలి నమోదు ఉచితమే, అప్పటి మార్పుకు మాత్రం రుసుము కట్టవలసి ఉంటుంది.