‘కౌలికులైననేమి’ అని ఏ ప్రతిలోనైనా ఉందా?

మంజీర ఒడ్డు: తెనాలి వైపు నుంచి బోధన్ దగ్గర క్యాంపుకొచ్చిన మా తాత గట్లు చెక్కుతూ పోతన చాటువు పాడేవాడు. నా చెవిలో మిగిలింది ‘కందమూల, కౌలికులైననేమి’. పోతనకి కౌలు రైతులెందుకు గుర్తొచ్చారు?

గురులఘువు: రాలేదు. ‘కందమూల కౌ/ద్దాలికులైననేమి’. అంటే గుద్దలితో దుంపలు తవ్వుకునేవాళ్లు; కుద్దాలమే మన గుద్దలి. ‘కౌ’ మూడో పాదం చివరి గురువు. కిందికి లాగితే ఆ పాదంలో ఉత్పలమాలకు కావలసిన 20 అక్షరాల్లో 19 మాత్రమే మిగులుతాయి.

తుమ్మచెట్టు: ప్రాస మాత్రం చెడలేదు, ‘లి’ ఉందిగా!

గురులఘువు: ప్రాస కుదిరిందల్లా పాఠాంతరం కాదండీ. పైగా సంస్కృతంలో కౌలికుడంటే సాలె. పంచతంత్రం తిరగేయండి.

పాతదస్త్రం: కౌలు అరబ్బీ ‘ఖౌల్’, అంటే ఇచ్చిన మాట. కుంపిణీ రోజుల్లో బీళ్లు సాగులోకి తేవడానికి కౌలు రాసిచ్చేవారు: మొదట్లో శిస్తు తక్కువ, ఏటా కాస్త పెంపు. పొరుగూరి నుంచి వచ్చి దున్నేవాడు పాయకారి. మాటిచ్చింది సర్కారు. ఇవాళ కౌలు రైతంటే ఎవరి మాటా లేనివాడు!

తుమ్మచెట్టు: మాట తప్పిందీ సర్కారే. పంజాబులో చినాబ్ కాలువ కింద 1892 నుంచి వేరే జిల్లాల రైతుల్ని తెచ్చి, గళ్లు గీసి ఊళ్లు వేశారు. ఊరికో నంబరు. భగత్‌సింగ్ పుట్టిన బంగా, చక్ నంబర్ 105. ఉన్న షరతులు చాలక 1906 బిల్లులో వారసత్వం మీదా చెయ్యేశారు. 1907లో ఆయన బాబాయి అజిత్‌సింగ్ రైతుల్ని లేపాడు, వైస్రాయి మింటో బిల్లును ఆపేశాడు. అన్నట్టు ‘చక్’ మన పొలం చెక్కే కదా?

గురులఘువు: పోలిక ఉన్నవాళ్లంతా చుట్టాలు కారు.

మంజీర ఒడ్డు: మావాళ్లొచ్చింది నిజాంసాగర్ నీళ్లకి. ఆనకట్ట 1931కి పూర్తయింది. మాగాణి చేయడం తెలిసినవాళ్లని కృష్ణా, గుంటూరు రైతులకి అక్కడ గిరాకీ. ఇప్పటికీ ఊరి పేరు చివర క్యాంపే.

పాతదస్త్రం: పాళెం అన్నా దండు విడిదే. మీవాళ్లు పాలెం వదిలి పాలేనికే వెళ్లారు!

గురులఘువు: ళ-యా, ల-యా? వేరే పోస్టు పెట్టండి, తేల్చుకుందాం.

మంజీర ఒడ్డు: అమ్మనడిగాను. తాత ‘కౌ’ దగ్గర పార వేసేవాడట, ఊపిరి అక్కడ తెగేదట. ‘ద్దా’ మట్టిలోకి పోయుంటుంది.

గురులఘువు: పాదం సరిగ్గా అక్కడే విరుగుతుంది. తాతగారికి ఛందస్సు వచ్చు.